ముందే అడిగిన ప్రశ్న

రాండెల్ మాబ్రీ నవ్వితే పక్కగదిలో గ్లాసులు కదులుతాయని మా చర్చిలో అనుకునేవాళ్ళం. మనిషి గుమ్మం పట్టనంత ఎత్తు. గానబృందంలో అందరికన్నా కింది స్వరం అతనిదే. అలాంటివాడు మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేస్తానంటే చర్చి మెట్లమీద పెద్దవాళ్ళు ఊరుకుంటారా?

"నీ ముందు కూర్చుని ఎవడ్రా ఏడ్చేది? నిన్ను చూస్తే కన్నీళ్ళు కూడా భయపడి లోపలికి పోతాయి" అని ఆటపట్టించారు.

అతను ఆ చదువుకి ఎందుకు వచ్చాడో ఆర్డెల్లా పెటిఫోర్డ్‌కి తెలుసు. ఆమె మిల్వాకీలో ఒక విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. ఆ విభాగంలో నల్లజాతి ప్రొఫెసరు ఆమె ఒక్కతే. రాండెల్ మొదటిసారి ఆమె గదిలోకి వచ్చినప్పుడే తన తండ్రి గురించి చెప్పాడు. తండ్రి పోస్ట్‌మన్. ఒకరోజు ఉత్తరాలు పంచుతుండగా ఎవరో తుపాకీ చూపించి సంచీ లాక్కుపోయారు. ఆ తర్వాత ఆయన గడప దాటలేకపోయాడు. ఆఫీసువాళ్ళు ఏర్పాటు చేసిన కౌన్సెలర్ దగ్గరికి భార్య బతిమాలి తీసుకెళ్ళింది. ఆ తెల్లాయన మత్తుమందులు వాడతావా అని అడిగాడు. లేదంటే మళ్ళీ అదే అడిగాడు. మాట మార్చి ఇంకోసారి అడిగాడు. తండ్రి లేచి, టోపీ పెట్టుకుని, వచ్చేశాడు. మళ్ళీ అలాంటి గదిలోకి అడుగుపెట్టలేదు.

"ఆ కుర్చీలో మనవాడొకడు ఉండుంటే నాన్న కూర్చునేవాడు మేడమ్" అన్నాడట రాండెల్.

నేను ఆర్డెల్లాకి ఎదురింటిదాన్ని. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె ఇంట్లో మన పిల్లలు చేరతారు. మనస్తత్వశాస్త్రం చదివే నల్లజాతి పిల్లలు ఊళ్ళో ఏ కాలేజీలో ఉన్నా సరే, ఆ బల్ల దగ్గర వాళ్ళకో కుర్చీ ఉంటుంది. గ్రేవీలో మగ్గిన కోడి, కొలార్డ్ ఆకుకూర ఆర్డెల్లా వండుతుంది. మొక్కజొన్న రొట్టె నాది. ఎవరికి ఏ ప్రొఫెసరు ఏమన్నాడో, ఎవరి పరిశోధన ఎక్కడ ఆగిపోయిందో, కొత్త రోగి తమని ఊడ్చేవాళ్ళనుకుని చెత్తబుట్ట ఖాళీ చెయ్యమంటే ఏం జవాబు చెప్పాలో అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు.

"నేను చదివేటప్పుడు నాకెవరూ లేరు. ముందు తినండి, ఏడ్చేది తర్వాత ఏడుద్దాం" అంటుంది ఆర్డెల్లా.

రాండెల్ మూడో ఏడాదిలోకి వచ్చాడు. ఆ ఏడాది పిల్లలు విశ్వవిద్యాలయం నడిపే క్లినిక్‌లో నిజం మనుషులకి థెరపీ చెయ్యాలి. అలా మనుషుల ముందు కూర్చున్న గంటలు చాలినన్ని ఉంటేనే ఇంటర్న్‌షిప్‌కి పంపుతారు, ఇంటర్న్‌షిప్ అయితేనే డాక్టరేట్. తోటివాళ్ళకి వారం పొడుగునా క్లయింట్లు ఉన్నారు. రాండెల్‌కి మాత్రం వారమంతా ఖాళీ. పంపిన ఒకరిద్దరూ బిగుసుకుని కూర్చుని, మళ్ళీ రాలేదు.

క్లినిక్ డైరెక్టరు పాల్ లిండ్‌క్విస్ట్. మెత్తటి మనిషి, ఎవరినీ ఒక్క మాట అనడు. ఇంట్లో చేసిన బిస్కెట్లు తెచ్చి అందరికీ పంచుతాడు. ఆయన రాండెల్‌ని పిలిచి, "నువ్వు తెలివైనవాడివి. కానీ నువ్వు గదిలో ఉంటే గది నిండిపోతుంది. బాధలో ఉన్నవాళ్ళకి అది బరువు. కాస్త తగ్గాలి" అన్నాడు.

ఆ మాట ఆదివారం బల్లమీదికి వచ్చింది. ఆర్డెల్లా చాలాసేపు ఆలోచించింది.

"ఇది న్యాయమని చెప్పట్లేదు. గంటలు సంపాదించుకునే దారి చెప్తున్నా. పట్టా చేతికొచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు కూర్చో" అని మొదలుపెట్టింది.

గుమ్మానికి, క్లయింటుకి మధ్య కూర్చోవద్దు. ఉన్నవాటిలో పొట్టి కుర్చీ చూసుకో. కోటు వద్దు, స్వెటర్ వేసుకో. చేతులు ఒళ్ళో కనిపించేలా పెట్టుకో. గొంతు కడుపులోంచి కాదు, పైనుంచి రానీ. రాండెల్ మా ముందే స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, సన్నటి గొంతుతో "మీకు ఇవాళ ఎలా ఉంది?" అని అడిగి చూపించాడు.

జొలీసా క్రంప్ అని మొదటి ఏడాది పిల్ల ఉంది. చదువు ఖర్చులకని ఆ క్లినిక్‌లోనే ముందు బల్ల దగ్గర పని చేస్తుంది. నోటికి అడ్డూ అదుపూ లేదు. "అన్నా, మా నర్సరీ టీచరు అచ్చం ఇలాగే మాట్లాడేది. ఇప్పుడు కుందేలు కథ చెప్తావా, పాలు తాగించి పడుకోబెడతావా?" అంది. అందరం నవ్వాం. రాండెల్ కూడా నవ్వాడు. గ్లాసులు కదిలాయి.

చలికాలం వచ్చింది. లిండ్‌క్విస్ట్ అతని భుజం తట్టి, మంచి మార్పు కనిపిస్తోందన్నాడు. క్లయింట్లు మాత్రం పెరగలేదు. తను ఇంకా సరిపడా తగ్గలేదేమో అనుకున్నాడు రాండెల్. గడ్డం తీసేశాడు. తిండి తగ్గించాడు. భుజాలు ముందుకు వంచి నడవటం అలవాటు చేసుకున్నాడు. ఒక ఆదివారం గానబృందంలో అతని చోటు ఖాళీగా ఉంది. గొంతుకి విశ్రాంతి ఇస్తున్నానన్నాడు.

తర్వాత కొద్దిరోజులకే అతని తల్లి ఒడెస్సా ఆర్డెల్లా ఇంటికి వచ్చింది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం మీదే ఉంది. నేను అప్పుడు వంటింట్లో ఉన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"డాక్టరమ్మా, నా కొడుకుని ఏం చేశారు?"

"ఏమైంది ఒడెస్సా?"

"ఏమైందో మీరే చెప్పాలి. ఇంట్లో ఎవరో పడుకున్నట్టు మాట్లాడుతున్నాడు. నేను వెనకనుంచి వస్తే ఉలిక్కిపడి పక్కకి తప్పుకుంటున్నాడు. నా ఇంట్లో! నేను కన్న బిడ్డ నాకే దారిస్తున్నాడు. మొన్న వాళ్ళ నాన్న అడిగాడు, వీడికేమైనా జబ్బు చేసిందా అని. మీరు వాణ్ణి డాక్టర్ని చేస్తారనుకున్నా. వాడు సగమైపోతున్నాడు."

"వాడి గంటల కోసం కొన్ని చెప్పాను. కొన్నాళ్ళే."

"కొన్నాళ్ళు వంగిన నడుము మళ్ళీ లేస్తుందా అమ్మా? మీరు చదువుకున్నారు, చెప్పండి."

ఒడెస్సా జవాబు కోసం ఆగలేదు. ఆమె వెళ్ళాక ఆర్డెల్లా పొయ్యి దగ్గరికి వచ్చి, నేను కడిగేసిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఆ వారంలోనే జొలీసా ఆమె ఆఫీసుకి వచ్చి తలుపు మూసింది. ఎప్పుడూ గలగలలాడే పిల్ల నిలబడి వేళ్ళు విరుచుకుంటోంది.

"మేడమ్, నేనొకటి విన్నాను. విననట్టు ఉండలేకపోతున్నా."

క్లినిక్‌కి వచ్చే ఫోన్లు తీసుకుని ఎవర్ని ఎవరి దగ్గరికి పంపాలో చూసేది షెరిల్ అనే ఆవిడ. జొలీసా పక్కగదిలో కాగితాలు సర్దుతుంటే షెరిల్ ఫోన్లో మాటలు వినిపించాయి. "మీకు ఇవ్వగలిగిన థెరపిస్టు నల్లజాతి మగమనిషి, కాస్త భారీ మనిషి. మీకు ఇబ్బంది లేదు కదా? ఉంటే పరవాలేదు, చెప్పండి, ఇంకొకరిని చూస్తాను." అవతలివాళ్ళు ఇంకొకరినే చూడమన్నట్టున్నారు. ఆమె నవ్వుతూ సరేనంది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, అవే మాటలు. జొలీసా ఉండబట్టలేక అడిగేసింది. షెరిల్ ఏమీ దాచలేదు. డాక్టర్ లిండ్‌క్విస్ట్ అలా అడగమన్నారని, ఆ అబ్బాయి మంచికేనని చెప్పింది.

"మిగతావాళ్ళ గురించి కూడా అడుగుతుందా?" అంది ఆర్డెల్లా.

"ఎందుకడుగుతుంది? 'మీ థెరపిస్టు సన్నటి తెల్లమ్మాయి, ఇబ్బందా' అని ఎవరైనా అడుగుతారా?"

"అడిగినా ఎవరూ సరే అనలేదా?"

"ఒకరిద్దరు అన్నారట. కానీ ఆ అడగటంలోనే ఉంది మేడమ్. మెట్టు జారుతుంది చూసుకోండి అని చెప్పినట్టు చెప్తుంది. అలా అడిగితే మా అమ్మమ్మ కూడా వద్దంటుంది. సరే అన్నవాళ్ళు కూడా గదిలోకి వచ్చేముందే సగం భయపడి వస్తారు." జొలీసా కళ్ళు తుడుచుకుంది. "అన్న రోజూ ఆ పొట్టి కుర్చీలో కూర్చుని వాళ్ళ కోసం ఎదురుచూస్తాడు. నేను బల్ల దగ్గర్నుంచి చూస్తుంటా. నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి. ఆ పని పోతే నా చదువు పోతుంది."

రానివ్వనని ఆర్డెల్లా మాటిచ్చింది.

లిండ్‌క్విస్ట్ తన గదికి వచ్చిన ఆర్డెల్లాని ఆప్యాయంగా కూర్చోబెట్టి బిస్కెట్ల డబ్బా ముందుకి జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. విషయం చెప్పింది. ఆయన బుకాయించలేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించిందని నాతో తర్వాత చెప్పింది.

"ఆర్డెల్లా, ఒక్కసారి ఆలోచించండి. ఆ కుర్రాడు తలుపు తెరవగానే ఎదుటి మనిషి ముఖం మాడిపోవటం చూడాలా? అలాంటి అవమానం పడకుండా కాపాడుదామనే అనుకున్నాను."

"కాపాడుతున్నట్టు అతనికి చెప్పారా?"

"చెప్తే బాధపడడూ?"

"అందుకని తప్పు అతని గొంతులో ఉందని చెప్పారు. కూర్చునే తీరులో ఉందన్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండూ ఉండొచ్చు కదా. అయినా ఇది మీకెవరు చెప్పారు?"

"అది మీకు అనవసరం."

"నా దగ్గర పనిచేసేవాళ్ళు కొద్దిమందే" అన్నాడాయన, చాలా మెత్తగా.

ఆ ప్రశ్న అడగటం ఆపిస్తానన్నాడు. కానీ ఈ ఏడాదికి రాండెల్ గంటలు ఎలాగూ నిండవనీ, ఇంకో ఏడు ఆగటమే అతనికి మంచిదనీ అన్నాడు.

రాండెల్‌కి చెప్పాలా వద్దా అని ఆర్డెల్లా నన్ను అడిగింది. దాచిపెడితే నువ్వూ ఆ బిస్కెట్లాయనా ఒకటేనన్నాను. ఆమె ముఖం ముడుచుకుంది కానీ కాదనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వేపుడు చేపలకి మేం మామూలుగా వెళ్ళే హోటలుకి అతన్ని పిలిచింది. భుజాలు ముడుచుకుని వచ్చి, గోడవైపు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె విన్నదంతా చెప్పింది. అతను పళ్ళెం వైపు చూస్తూ విన్నాడు.

"మీకు ఎప్పట్నించి తెలుసు?"

"ఈ వారమే తెలిసింది."

"ఈ వారమే." అతను తల ఊపాడు. "అంతకుముందు తెలియకుండానే నమ్మారు. నాలో ఏదో తప్పుందని ఆయనంటే, రా నాయనా, ఎక్కడుందో వెతుకుదామని నాతో కలిసి వెతికారు. కుర్చీలో వెతికారు, గొంతులో వెతికారు, నా చేతుల్లో వెతికారు. తప్పు ఆ క్లినిక్‌లో ఉందేమోనని మీకు ఒక్కసారి కూడా తోచలేదా మేడమ్?"

చివరి మాట తన అసలు గొంతుతో అన్నాడు. పక్క బల్లల దగ్గర తలలు తిరిగాయి. వెంటనే అతని గొంతు తగ్గింది. తగ్గించానని తనకే తెలిసింది. అది తెలిసినప్పుడు అతని ముఖంలో వచ్చిన మార్పు మర్చిపోలేనంది ఆర్డెల్లా. లేచి వెళ్ళిపోయాడు. ఆమె పిలవలేదు.

ఆదివారాలు రావటం మానేశాడు. విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు ఇచ్చాడని మాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. విచారణకి కమిటీ వేశారు. గదిలో ఆర్డెల్లాతో అన్నదేదీ లిండ్‌క్విస్ట్ కమిటీ ముందు అనలేదు. అలాంటి పద్ధతేదీ లేదన్నాడు. షెరిల్ తనకి గుర్తులేదంది. ఆర్డెల్లా చెప్పింది విన్నారు గానీ, ఫోన్లో మాటలు ఆమె స్వయంగా విన్నవి కావు, లిండ్‌క్విస్ట్ ఒప్పుకున్నాడనటానికి ఇంకో సాక్షి లేడు కదా అన్నారు.

ఇక మిగిలింది జొలీసా. ఆమెని అడగటానికి ఆర్డెల్లాకి నోరు రాలేదు. ఇచ్చిన మాట ఉంది. ఇటు రాండెల్ బతుకు ఉంది. ఆ తర్వాత రెండు వారాలు ఆమె సరిగా తినలేదు. నేను తెచ్చిన రొట్టె బల్లమీదే ఎండిపోయేది.

జొలీసా విన్నదని రాండెల్ ఎప్పుడో ఊహించాడు. క్లినిక్ బయట మంచులో ఆమెని ఆపాడట. "చెల్లెమ్మా, నువ్వు నోరు విప్పకు. నీది ఇంకా మొదటి ఏడే. నాకెలాగూ పోయింది, నీకు కూడా పోవటమెందుకు?"

"పెద్ద మగాడివి, నాకు చెప్పొచ్చావు. పొట్టి కుర్చీలో కూర్చోమంటే కూర్చున్నవాడివి నువ్వు. నా సంగతి నాకొదిలెయ్" అని వెళ్ళిపోయిందట.

ఆదివారం నాడు అందరి ముందూ చెప్పింది, రేపు కమిటీకి చెప్తున్నానని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆర్డెల్లా ఆమె పక్కకి వెళ్ళి కూర్చుంది. "నేను అడగలేదు" అంది. "తెలుసు మేడమ్. అడుగుతారేమోనని ఎదురుచూశాను కూడా. అడిగితే మీమీద పెట్టేసి చెప్పేదాన్ని. మీరు అడగలేదు, అంతా నామీదే పడింది" అంది జొలీసా. నవ్వబోయింది. రాలేదు.

జొలీసా చెప్పింది విన్నాక కమిటీ వసంతంలో తేల్చింది. ఉద్దేశం చెడ్డది కాదట. పద్ధతి సరైంది కాదట. ఇకమీదట క్లయింట్లని ఆ ప్రశ్న అడగకూడదన్నారు. లిండ్‌క్విస్ట్ డైరెక్టరుగానే ఉన్నాడు. రాండెల్ ఇంకో ఏడు చదవాలి. ఊరికి దక్షిణాన ప్రభుత్వ క్లినిక్‌లో గంటలు పూర్తి చేసుకోవచ్చు. అక్కడ అతని పని చూసే బాధ్యత ఆర్డెల్లాకి ఇచ్చారు.

అతను ఆమె ఆఫీసుకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీరే చూస్తారన్నారు. వేరేవాళ్ళని అడిగాను. ఎవరికీ ఖాళీ లేదట."

"కోపం పోయిందా?"

"లేదు."

"సరే. కోపంతోనే రా. మంగళవారం మొదలుపెడదాం. రాండెల్, ఆరోజు నువ్వు అడిగినదానికి జవాబు చెప్పలేదు. నాకు తోచి ఉండాల్సింది. తోచలేదు."

అతను గదిలోని కుర్చీల వైపు చూసి, "ఎక్కడ కూర్చోవాలో చెప్పరా ఈసారి?" అన్నాడు. అందులో వెటకారం ఎంతో, అడగటం ఎంతో ఆమెకి అర్థం కాలేదు.

"అది నీ గది. నీకు తెలియాలి."

మొదటి క్లయింటు స్టాన్ విట్కావ్‌స్కీ. ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేసి మానేసినవాడు, భార్య పోయింది. అతని అనుమతితో మాటలు రికార్డు చేశారు, ఆర్డెల్లా విని సరిదిద్దాలి కనుక. తర్వాత ఇద్దరూ కూర్చుని విన్నారు. ముందు కుర్చీల చప్పుడు. తర్వాత ముసలాయన గొంతు.

"చాలా పెద్ద మనిషివే."

"అవునండి." అది రాండెల్ చర్చి గొంతు. "ఇబ్బందిగా ఉందా?"

కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఆర్డెల్లా ముందుకి వంగింది.

"కొంచెం."

"అయితే ముందు దాని గురించే మాట్లాడుకుందామా?"

"వద్దులే." ముసలాయన దగ్గాడు. "నేనొచ్చింది మా ఆవిడ గురించి."

"చెప్పండి. ఆవిడ పేరేంటి?"

ఆర్డెల్లా అక్కడ ఆపింది. "పేరు అడగటంలో తొందరపడ్డావు. ఆయన వద్దులే అన్నాక కాసేపు ఉండనివ్వాల్సింది. ఇంకేదో చెప్పేవాడు."

"నాకు భయమేసింది" అన్నాడు రాండెల్.

"తెలుస్తోంది. మళ్ళీ వేస్తుంది."

విట్కావ్‌స్కీ తర్వాతి వారం వచ్చాడు. ఆ పై వారం రాలేదు. ఆ తర్వాత మళ్ళీ వచ్చాడు. రాండెల్ గంటలు నెమ్మదిగా పెరుగుతున్నాయి. గానబృందంలోకి మాత్రం ఇంకా రాలేదు. ఒడెస్సా ఆర్డెల్లాతో పొడిపొడిగానే మాట్లాడుతుంది.

జొలీసాని ఉద్యోగంలోంచి తియ్యలేదు. బల్ల అదే, కుర్చీ అదే. కాకపోతే ఆమె వస్తే షెరిల్ ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది. రెండో ఏడాది ఏ ప్రొఫెసరు దగ్గర పరిశోధన చెయ్యాలనుకుందో ఆయన, తన దగ్గర చోటు లేదని చెప్పాడు. నెల ముందు ఉందన్నాడు. దీనికీ దానికీ సంబంధం ఉందని ఎవరూ నిరూపించలేరు. ఆర్డెల్లా పరిశోధన వేరే విషయం మీద. అయినా తన దగ్గరికి రమ్మంది. "మీ దగ్గరికొస్తే రోజూ వాళ్ళుండే వరండాలోనే నడవాలి కదా మేడమ్" అంది జొలీసా.

డెట్రాయిట్‌లో ఇంకో విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జొలీసాకి చోటు దొరుకుతుందేమోనని తనకి తెలిసినవాళ్ళందరికీ ఆర్డెల్లా ఫోన్లు చేసింది. ఉండిపొమ్మని ఆ పిల్లకి చెప్పలేదు. చెప్తుందనుకున్నాను నేను.

మళ్ళీ చలికాలం వచ్చాక, అక్కడి ఇంటర్వ్యూ వారంలో ఉందనగా జొలీసా మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఆర్డెల్లా ఎదురుగా కూర్చుని, పరాయి మనిషిలా ముఖం పెట్టి అడిగింది. "మిల్వాకీ ఎందుకు వదిలేస్తున్నారు?"

"సారీ, అది కొంచెం చెప్పటం కష్టం..."

"సారీతో మొదలుపెట్టకు. మళ్ళీ."

"అక్కడ వాతావరణం నాకు..."

"వాతావరణమంటే మంచు పడుతుందనుకుంటారు. మళ్ళీ."

జొలీసా కప్పు పక్కకి జరిపింది. "మేడమ్, జరిగింది జరిగినట్టు చెప్తే నన్ను తీసుకుంటారా?"

ఆర్డెల్లా పరాయి ముఖం తీసేసింది. అవునంటుందేమోనని నేను పొయ్యి దగ్గర్నుంచి చూస్తున్నాను.

"తెలియదమ్మా. కొంతమంది తీసుకోరు."

జొలీసా కిటికీలోంచి కాసేపు వీధివైపు చూసింది. అవతల ఎవరో కారు మీద మంచు గీకుతున్నారు. ఆమె కుర్చీ ముందుకి లాక్కుని, చేతులు బల్లమీద పెట్టి, "సరే, అడగండి" అంది.

ఆర్డెల్లా మళ్ళీ అడిగింది.